ఈత, సైకిలు, ఉరుకుడు, కేసు

పరుగు పందెం గెలుపు గీత దగ్గర ముగుస్తుందని లోకం అనుకుంటుంది. లోకానికి ఆఫీసులతో పని పడలేదు కాబట్టి అట్లా అనుకుంటుంది. నిజానికి ఏ పరుగైనా ఒక గుండ్రటి ముద్ర కింద, చదవరాని సంతకం పక్కన మాత్రమే ముగుస్తుంది. అప్పటిదాకా మనిషి ఉరుకుతూనే ఉన్నట్టు.

ఈ సంగతి రఘునాథపల్లి దగ్గరి తండా పిల్ల జమునకు రెండు వేల పదకొండు సెప్టెంబరులో తెలిసివచ్చింది. మహిళా కానిస్టేబుల్ కావాలని ఆమెకు చిన్నప్పటి ఆశ. ఆటల కోటాలో దరఖాస్తు పెట్టాలంటే ఒక్క కాగితం కావాలి: మహిళల ట్రయథ్లాన్‌లో మొదటి స్థానం వచ్చినట్టు పత్రం. ట్రయథ్లాన్ అంటే చెరువు ఈదడం, గట్టెక్కి సైకిలు తొక్కడం, దిగి ఉరకడం. (వానాకాలంలో తండా నుంచి జనగామ కాలేజీకి పోయే ఆడపిల్లలు రోజూ చేసేది ఇదే. దానికొక పేరుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.)

పోటీ నిర్వహించేది జల-చక్ర-పాద క్రీడల సమన్వయ విభాగం. నిబంధనలు పదిహేడు. నాలుగోది, పోటీదారులు ముగ్గురికి తగ్గితే మొదటి స్థానం అనేది ఉండదు. పదకొండోది, మునిగిపోయిన అభ్యర్థి ఆ విషయాన్ని స్వదస్తూరీతో వెంటనే తెలియజేయాలి.

జమున తన స్నేహితురాలు మమతను ఒప్పించింది. మమత ఊళ్లో భూములున్న ఆసామి బిడ్డ. నడుముకు డబ్బాలు కట్టుకుని ఇద్దరూ ఈత నేర్చింది వాళ్ల బావిలోనే. మూడో మనిషి ఎంతకీ దొరక్కపోతే కాలేజీ హాస్టల్ వంటమనిషి గట్టమ్మను పట్టుకున్నారు. ఆమె భూపాలపల్లి అవతల మానేరు ఒడ్డున పెరిగిన మనిషి.

"చీర మీదనే ఈదుత. ప్యాంటు గీంటు ఏసుకోమంటే రాను," అంది గట్టమ్మ.

"నువ్వు ఆఖర్ల వచ్చినా సాలక్కా. ముగ్గురం ఉండాలె, అంతే," అంది జమున.

"ఆఖర్ల ఎందుకొస్త? పొయ్యి మీద పప్పు పెట్టి వస్త. జల్ది పోవాలె."

సరిగ్గా పోటీ నాడే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. విభాగం అధికారి వెంకట్రాం ఆఫీసుకు తాళం వేసి, ఆ తాళానికి పూలదండ వేసి, దాని ముందు బైఠాయించాడు. జమున ఆయన ముందుకు పోయి నిలబడింది. దరఖాస్తుకు వారమే గడువు.

"పోటీ ఎట్ల సార్ మరి?"

"పోటీ లేదు బిడ్డా. పెన్ను ముట్టుడు బంద్."

అన్నాడే గానీ ఆయనకు ఒక ఉపాయం తట్టింది. అప్పటికే ఉద్యమకారులు రోడ్ల మీద వండారు, తిన్నారు, బతుకమ్మ ఆడారు, కబడ్డీ ఆడారు. ట్రయథ్లాన్ మీద ఇంకా ఎవరి చూపూ పడలేదు.

"గిట్ల చేద్దాం. అధికారిగ నేను సంతకం పెట్టరాదు. ఉద్యమకారునిగ విజిల్ ఊదొచ్చు. దీన్ని నిరసన కింద నడిపిస్త."

"సంతకమో సార్?"

"రాష్ట్రం రానీ. మొదటి సంతకం నీదే."

అట్లా ముగ్గురూ నల్ల రిబ్బన్లు కట్టుకుని చెరువులో దూకారు. నిరసన కనుక ఈదుతూ నినాదాలివ్వాలని వెంకట్రాం గట్టు మీది నుంచి పద్దెనిమిదో నిబంధన ప్రకటించాడు. "జై" అనడానికి నోరు తెరిచిన మమత చెరువు సగం తాగింది. సైకిళ్లెక్కి హైవే మీదికి వస్తే అక్కడ రాస్తారోకో. ఇదీ సమ్మేనని చెబితే వాళ్లు చప్పట్లు కొట్టి దారి ఇచ్చారు. ఒక్క లారీ లేదు, ఒక్క బస్సు లేదు. అంత చక్కటి రోడ్డు ఏ దేశపు క్రీడాకారిణికీ దక్కి ఉండదు. ఉరుకుడులో జమున అందరికంటే ముందు వచ్చింది. పప్పు బెంగతో గట్టమ్మ రెండో స్థానం కొట్టేసింది.

చెరువు దగ్గర నుంచీ వాళ్లను కనిపెడుతూ వచ్చిన పోలీసు జీపు గీత అవతల ఆగి ఉంది. వెంకట్రాం ఎటు పోయాడో తెలియదు. హెడ్ కానిస్టేబుల్ కొండల్ చేతి గడియారం చూస్తూ నిలబడ్డాడు. (ఆయన ఒకప్పుడు బడిలో ఆటల సారు కాబోయి పోలీసైన మనిషి.)

"ఎవరు ముందొచ్చిండ్రో గా వరుసల నిలబడుండ్రి," అన్నాడు.

అనుమతి లేకుండా నిరసన చేశారని కేసు రాశారు. "ఏ-1 జమున పద్నాలుగు నిమిషములలో చెరువును ఈది, పిమ్మట రహదారిపై పది కిలోమీటర్లు సైకిలు తొక్కి, పిమ్మట మూడు కిలోమీటర్లు పరుగెత్తి, మిగతా ముద్దాయిల కంటే ముందుగా నేరస్థలమునకు చేరెను. ఏ-2 గట్టమ్మ పొయ్యిపై పప్పు ఉన్నదని చెప్పి దర్యాప్తును తొందరపెట్టెను."

ఆ కేసు కాగితం నకలు చదివి జమున సంతోషంతో ఏడ్చేసింది. దూరం ఉంది, సమయం ఉంది, స్థానం ఉంది, ఇద్దరు సాక్షులున్నారు, గుండ్రటి ముద్ర ఉంది.

"గింత మంచిగ ఎవరు రాసిస్తరే మమతా?" అని, దాన్నే దరఖాస్తుకు జతచేసింది.

మూడు నెలలకు జవాబు వచ్చింది. "అభ్యర్థి క్రీడా ప్రతిభ సందేహాతీతముగా రుజువైనది. దానితోపాటు నేరము కూడా రుజువైనందున అనర్హురాలు."

 అయినా జమునకు ఆశ చావలేదు. రెండున్నరేళ్లకు రాష్ట్రం వచ్చింది. ఉద్యమ కేసులు ఎత్తేశారు. తన వయసు పరిమితి దాటడానికి ఇంకా నెల ఉందనగా, ఆమె ఫైలు పట్టుకుని వెంకట్రాం దగ్గరికి పోయింది. ఆయనకు ప్రమోషన్ వచ్చింది, పెన్ను కూడా బాగానే నడుస్తోంది.

"సార్, గిప్పుడన్న సంతకం పెట్టుండ్రి. కేసు ఎత్తేసిండ్రు."

"కేసే లేదంటే గా పొద్దు ఏం జరగనట్టే గద బిడ్డా."

"విజిల్ ఊదింది మీరే గద సార్."

వెంకట్రాం బీరువా తెరిచి పాత హాజరు పట్టీ తీశాడు. అందులో సమ్మె రోజులన్నీ, సర్కారు ఆర్డరుతో, డ్యూటీ కింద రాసి ఉన్నాయి. ఆ తేదీ మీద వేలు పెట్టి, కళ్లద్దాలు సర్దుకుని, బాధగానే చెప్పాడు.

"నేను గా పొద్దంత ఆఫీసులనే ఉన్న బిడ్డా. పోటీకి ఎవ్వరూ రాలె."