కెంపి కోసం వేపమండలు

ఆ శనివారం పొద్దున అనుపమ దగ్గర చక్కటి పథకం ఒకటి ఉంది. చంద్రశేఖర్‌కు మధ్యాహ్నం దాకే ఆఫీసు. అతను రాగానే ఇద్దరూ బైకు మీద సండూరు కొండల్లోకి వెళ్ళాలి. మొన్నటి వానలకు కొండలన్నీ పచ్చబడ్డాయి. అక్కడ ఏదో ఒక బండ మీద కూర్చుని, తను చేసిన చిత్రాన్నం తినాలి. పెళ్ళయి ఇంకా రెండు నెలలు నిండలేదు కాబట్టి, చల్లారిన చిత్రాన్నమైనా సరే బండ మీద కూర్చుని తింటే అమృతంలా ఉంటుందని ఇద్దరికీ గట్టి నమ్మకం.

యశ్వంతనగర్‌లోని ఆ ఇంట్లో వాళ్ళతోపాటు, చంద్రశేఖర్‌ను చిన్నప్పటి నుంచి పెంచిన పున్నమ్మవ్వ కూడా ఉంటుంది. ఆమె చెల్లెలి మనవడి తొట్టెల పండక్కి చోరనూరు వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగి, "ఏమే, ఇల్లు నువ్వు చూసుకోల్యావని నాకు తెలుసులే. నా కోడిని చూసుకో, సాలు" అని చెప్పి బస్సెక్కింది.

ఆ కోడి పేరు కెంపి. పుట్టుకతో తెల్లదే. ఖనిజం లారీలు రేపే ఎర్రదుమ్ములో పొర్లి పొర్లి రంగు మారిపోతే, పక్కింటి ఉచ్చంగెమ్మ కన్నడంలో ఎర్రమ్మాయి అన్నట్టుగా కెంపి అని పిలిచింది. అదే స్థిరపడింది. అవ్వ రేషన్ షాపుకు వెళ్తే అది వెంట నడుస్తుంది. అవ్వ కూర్చుంటే ఒళ్ళోకెక్కి ముక్కుపుడకను పొడుస్తుంది. ఇంకెవరు ముక్కు దగ్గరికి వచ్చినా అవ్వ ఊరుకోదు.

అనుపమ బళ్ళారి కౌల్ బజార్‌లో పుట్టి పెరిగింది. బి.కాం. చదివింది. కోడిని అంతవరకూ కూరగా మాత్రమే దగ్గరి నుంచి చూసింది. తను పెట్టిన చారు నోట్లో పోసుకున్నప్పుడల్లా అవ్వ కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటోంది. ఈ కోడి పరీక్షలోనైనా నెగ్గితే ఇంటి కోడలిగా నిలబడినట్టేనని అనుపమ ఆశ.

చిత్రాన్నంలోకి తాలింపు వేసి, గుప్పెడు జొన్నలు తీసుకుని ఆమె పెరట్లోకి వెళ్ళింది. కెంపి గోడ వారగా ముడుచుకుని కూర్చుని ఉంది. జొన్నలు చల్లినా కదల్లేదు. వంగి చూస్తే జుట్టు మీదా కంటి చుట్టూ నల్లటి గుల్లలు. ఒక కన్ను సగం మూసుకుపోయింది.

"ఏమప్పా, ఇట్ల రా. దీనికి మొగమంతా మొటిమలొచ్చిండాయి."

చంద్రశేఖర్ ఒక కాలికే సాక్స్‌తో పరిగెత్తుకొచ్చాడు. కోళ్ళకు మొటిమలు వస్తాయా అన్న విషయం మీద ఇద్దరూ కాసేపు చర్చించి, సండూరు పశువుల డాక్టరుకు ఫోన్ చేశారు. అది కోళ్ళకు వచ్చే అమ్మవారనీ, మనుషులకు అంటదనీ, దోమలు కుట్టకుండా ఇంట్లో పెట్టుకుని, వేపనీళ్ళతో కడిగి, పసుపూ వేపాకూ నూరి పూయమనీ, మెత్తటి తిండి పెడితే తేరుకుంటుందనీ ఆయన చెప్పాడు. సంగతి అవ్వకు తెలియకూడదని ఇద్దరూ అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నారు. తెలియకూడదంటే ఉచ్చంగెమ్మకు తెలియకూడదు. వీధిలో కుక్క తుమ్మినా చోరనూరుకు కబురు పంపే మనిషి ఆమె.

గుప్పెడు వేపాకు తెమ్మంటే చంద్రశేఖర్ సగం చెట్టు తెచ్చాడు. స్నానం చేయిస్తే నీళ్ళు ఎర్రగా పోయి, బకెట్లోంచి తెల్లటి కోడి బయటికొచ్చింది. వేరేవాళ్ళ కోడిని కడిగామేమోనని ఇద్దరికీ అనుమానం వచ్చింది. ఆఫీసుకు ఆలస్యమవుతోందని చంద్రశేఖర్ మిగిలిన వేపమండలను దోమలు రాకుండా వీధిగుమ్మానికి దోపి, బైకెక్కి వెళ్ళిపోయాడు.

ఆ వైపు ఊళ్ళల్లో గుమ్మానికి వేపమండలు కనిపిస్తే దానికి ఒక్కటే అర్థం. ఇంట్లో ఎవరికో అమ్మ పోసింది. తోడు మజ్జిగ కోసం గిన్నెతో వచ్చిన ఉచ్చంగెమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. చెప్పులు రోడ్డు మీద వదిలి చేతులు జోడించింది. ఎదురుగా అనుపమ, చేతులకూ చెంపలకూ పసుపుతో నిలబడి ఉంది.

"అమ్మ ఎప్పుడొచ్చింది తాయీ?"

అనుపమ అప్పుడు గుమ్మం వైపు చూసింది. సంగతి అర్థమైంది. నిజం చెప్పడానికి నోరు తెరిచింది కూడా. లోపల కెంపి నీరసంగా కూసింది. ఇప్పుడు నిజం చెప్తే మధ్యాహ్నం లోపల ఆ కబురు చోరనూరు చేరుతుంది.

"పొద్దున" అంది. అందులో అబద్ధమేమీ లేదు.

గంటలో వీధి తీరు మారిపోయింది. టీవీల గొంతు తగ్గింది. ఎదురింట్లో పొయ్యి మీదున్న చేపల వేపుడు దించేశారు. గేటు దగ్గర అంబలి, పెరుగన్నం, ఎళనీరు బోండాలు వచ్చి చేరాయి. అనుపమ కెంపికి అంబలి నోటికందించింది. అది మూసుకున్న కన్ను తెరిచి, ఆమెను ఎగాదిగా చూసి, మెల్లగా రెండు గుటకలు వేసింది. ఆ సంబరంలో అనుపమ మిగతాదంతా మరిచిపోయింది.

చంద్రశేఖర్ అనుకున్నదానికంటే ముందే ఇంటికొచ్చాడు. కబురు ఆఫీసుకూ పోయిందట. పక్క సీటు చిదానంద తన కుర్చీని వరండాలోకి లాక్కెళ్ళాడు. మేనేజరు తన గదిలోంచి బయటికి రాకుండా ఫోన్లోనే, అమ్మ దిగి మూడు నీళ్ళు పోసేదాకా రావద్దని చెప్పేశాడు. ఎవరికి ఏమైందో చంద్రశేఖర్‌కు సరిగ్గా అర్థం కాలేదు కానీ, సెలవు దొరికింది.

"కొండలకు పోదామా?" అన్నాడు హుషారుగా.

"యాడికి పోయేది? నాకు అమ్మవారు వచ్చిండాదంట."

"నీకా? ఎవరన్నారు?"

"వీధంతా అంటాంది. నువ్వు గుమ్మానికి దోపిపోతివి కదప్పా."

కెంపి కోలుకునేదాకా ఈ మాటను ఇలాగే ఉండనిద్దామని ఇద్దరూ తీర్మానించుకున్నారు. అవ్వ సోమవారం కానీ రాదు కదా అనుకున్నారు. అంతలోనే గేటు చప్పుడైంది. కోడలికి అమ్మ పోసిందన్న కబురు అంది, తొట్టెల పండగను మధ్యలో వదిలేసి, దొరికిన బస్సెక్కి అవ్వ వచ్చేసింది. అనుపమ ఒక్క దూకులో మంచమెక్కి దుప్పటి కప్పుకుంది. చంద్రశేఖర్ కోడిని గంప కింద మూసి, ఆ గంపను మంచం కిందికి తోశాడు.

అవ్వ కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చింది. కోడి సంగతి అడగలేదు. మంచం ముందు చేతులు జోడించి, "తల్లీ, సల్లగా సూడమ్మా" అంది. అంతవరకూ ఆ ఇంట్లో అనుపమ పేరు "ఏమే". ఆమెకు సంతోషం, సిగ్గు, భయం ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"గుల్లలు యాడుండాయిరా?" అంది అవ్వ మనవడితో.

"లోపలుండాయవ్వా" అన్నాడు చంద్రశేఖర్, ఇంకేమీ తోచక.

"లోపలుండే అమ్మకు కోపం జాస్తి" అని అవ్వ మరింత బెంగపడింది. మంచం మీద వేపాకు పరిచింది. పెరుగన్నం ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. వేపమండతో విసురుతూ, చారు బాగుండలేదని అన్నందుకు మనసులో పెట్టుకోవద్దని అమ్మవారిని బతిమాలింది. ఉచ్చంగెమ్మ గడప అవతల నిలబడి కళ్ళొత్తుకుంది.

అప్పుడు మంచం కింద నుంచి, "క్కొ... క్కొ..." అని వినిపించింది.

చంద్రశేఖర్ గట్టిగా దగ్గాడు. అనుపమా దగ్గింది. మళ్ళీ "క్కొ... క్కొ..." అంది. అవ్వ చేతిలో వేపమండ ఆగిపోయింది.

"ఉచ్చంగీ, విన్న్యావా? అమ్మ పలుకుతాంది."

"ఏమో అడుగుతాళె అక్కా" అంది ఉచ్చంగెమ్మ, మళ్ళీ చేతులు జోడించి.

"ఏం కావాల తల్లీ?"

"క్కొక్కొక్కో" అని ఈసారి స్పష్టంగా వచ్చింది.

అవ్వ వేపమండ కింద పెట్టింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది. "కోడి అడుగుతాంది" అంది చిన్నగా. "సరేలేమ్మా. ఈ పిల్లను వదిలిపెట్టు. నా కెంపిని నీకిచ్చుకుంటా."

అనుపమ నోట్లోని పెరుగన్నం గబగబా మింగింది. తన కోసం అవ్వ కెంపిని వదులుకుంటోంది. దుప్పటి తీసేసి మంచం దిగి, గంపను బయటికి లాగింది.

"వద్దవ్వా. అమ్మ నాకు రాలా. కెంపికొచ్చింది."

గంప లేచింది. తెల్లకోడి రెక్కలు దులుపుకుంటూ బయటికొచ్చింది.

"ఇదెవరి కోడే?" అంది అవ్వ. కోడి సరాసరి ఆమె ఒళ్ళోకెక్కి ముక్కుపుడకను పొడిచింది. అప్పుడు గుర్తుపట్టింది.

అనుపమ జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. అవ్వ కెంపి జుట్టు మీద ఎండుతున్న గుల్లలను తడిమి చూసింది.

"అయితే నేను తొట్టెల ఇడిసిపెట్టి, బస్సులో నిలబడి ఏడ్సుకుంటా వచ్చింది దీని గుల్లలకా?"

అనుపమ తలూపింది.

"నీకు బాగుండాదా?"

"బాగుండాదవ్వా."

"అయితే మంచం ఇడువు."

"మరి హరకె అక్కా? అమ్మకు మొక్కుకుంటివి కదా" అంది ఉచ్చంగెమ్మ గడప దగ్గర నుంచి. అవ్వ కోడి వీపు నిమురుతూ ఆలోచించింది.

"అమ్మ ఎవరి ఒంట్లో ఉండాది?"

"కెంపి ఒంట్లో" అంది ఉచ్చంగెమ్మ.

"అమ్మ కూసున్న ఒంటిని కోసి అమ్మకే పెడ్తారా యాడన్నా? టెంకాయ కొడ్తా."

ఉచ్చంగెమ్మ చెప్పులు వేసుకుని, ఈ కొత్త సంగతిని వీధికి చేర్చడానికి బయల్దేరింది.

కెంపి మంచమెక్కింది. "ఇంకొక్క ముద్ద తల్లీ" అని అవ్వ దానికి పెరుగన్నం పెడుతూ, "ఏమే, ఆ వేపమండ ఇట్ల ఇయ్యి" అంది. అటు తిరిగే, "కోడిని బాగానే చూసుకున్న్యావ్‌లే. చారే రాదు నీకు" అంది. అనుపమ ఆ రెండో మాట వినలేదు.

కెంపికి మూడో నీళ్ళు పోసేదాకా ఇంట్లో తాలింపు నిషిద్ధమని ఆజ్ఞ అయింది. అందుకే ఆవాలు పడిన చిత్రాన్నాన్ని కొత్త దంపతులు పెరట్లోకి తీసుకెళ్ళి, బట్టలుతికే బండ మీద కూర్చుని, దొంగతనంగా తిన్నారు. పూర్తిగా చల్లారిపోయింది. అనుకున్నట్టే అమృతంలా ఉంది.

మూడు నీళ్ళూ అయ్యాక చంద్రశేఖర్ ఆఫీసుకు వెళ్ళినప్పుడు, ఇంతకూ ఇంట్లో ఎవరికి బాగాలేదని మేనేజరు అడిగితే, అతను మంచమెక్కి ముద్దలు తిన్న కెంపిని తలుచుకుని, "పెద్దవాళ్ళకు సార్" అన్నాడు.