దుప్పుల వేళ

ఒక పెద్ద అడవిలో ఒకే ఒక్క మడుగు ఉండేది. ఒడ్డున ఉన్న నేరేడు చెట్టు మీద కొండముచ్చు ఆకులు తెంపి సగం తిని, సగం రాల్చేది. రాలినవి కింద ముసలి దుప్పి, దాని మనవరాలు తినేవి. దుప్పికి చూపు ఆనదు. అడవి కుక్కలు వస్తే కొండముచ్చు పైనుంచి అరిచేది, ఇవి పరుగెత్తేవి. దీన్ని ఐకమత్యం అంటారని ఎవరికీ తెలియదు.

ఆ ఏడు ఏనుగు నాయకుడైంది. "అడవంతా ఒకే కుటుంబం కావాలి, అది నా కల" అని పూటంతా ఉపన్యసించింది. మిగతాది నాకు గుర్తులేదు, విన్నవాళ్ళకూ లేదు.

కార్యదర్శి నక్క చెవిలో ఊదింది. "అయ్యా, కలపాలంటే ముందు ఎవరెవరు వేరో రాసుకోవాలి కదండీ."

రాశారు. ఎవరికీ అన్యాయం జరగకుండా మడుగు దగ్గర జాతికో వేళ కేటాయించారు. ఒకరి వేళలో మరొకరు ఆ చుట్టుపక్కలకు రాకూడదు, అరవకూడదు. తప్పితే అడవి నుంచి వెలి. అడవి కుక్కలు మాత్రం పేరు రాయించుకోలేదు. వాటికి వేళతో పనేముంది.

"నీదెప్పుడు అల్లుడూ?" అంది దుప్పి కొండముచ్చుతో.

"మధ్యాహ్నం అత్తా. నీది పొద్దున."

"నాకు గుర్తుండి చావదు."

"నీడ చూసుకో."

"నీడ కనిపిస్తే నీతో పనేంటి నాయనా."

మర్నాడు పొద్దున మనవరాలు వంగి నీళ్ళు తాగుతోంది. దూరంగా బండ మీదున్న కొండముచ్చుకు గడ్డి కదలడం కనిపించింది. ఒక్క క్షణం తటపటాయించి, గొంతు చించుకుని అరిచింది. దుప్పి మనవరాలిని తోసుకుంటూ పరుగెత్తింది. కుక్కలకు దుమ్మే మిగిలింది.

సాయంత్రం మడుగు ఒడ్డున విచారణ.

"పరాయి వేళలో అరుపు. వెలి వేయాల్సిందే" అంది నక్క.

"ఆవిడ నీకేమవుతుంది?" అడిగింది ఏనుగు.

"ఏమీ కాదండీ. నేను రాల్చిన ఆకులు తింటుంది."

దుప్పి ముందుకొచ్చింది. "వీణ్ణి పంపితే నన్నూ పంపండి. వీడి గొంతే నాకు కళ్ళు."

"నన్నూ" అంది అడవిపంది. "నన్నూ" అంది ముళ్ళపంది. నెమలి నడిచొచ్చి వాటి పక్కన నిలబడింది. కాసేపటికి అన్నీ కలిసి మడుగులోకి దిగి, ఎవరి వేళో చూడకుండా నీళ్ళు తాగాయి. ఏనుగే పక్కకు జరగాల్సి వచ్చింది.

ఏనుగుకు కళ్ళు చెమర్చాయి. "చూశావా, నా కల ఫలించింది."

నక్క రాసుకుంది: పథకం జయప్రదం.

నీతి: జనం ఒకటి కావాలంటే నాయకుడికి గొప్ప కల ఉండాలి, అది చూసి అందరికీ ఒకేసారి ఒళ్ళు మండాలి.