వియ్యంకుడి కారులో కుట్టు

ముందుగా ఒక మనవి. ఆయన పోయాక, తల నెరిశాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఎక్కడైనా ఒత్తు జారిపోతే, దీర్ఘం పొట్టిదైపోతే మన్నించండి. నా చెయ్యి నిదానం. కథ మాత్రం నాకంటే చురుకైనది, దాని కాళ్ళ మీద అది నడుస్తుంది.

ఆ రోజు ఉదయానికి కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. మూడు కంపెనీల కార్లను పక్కపక్కన నిలబెట్టాలి. వాటి పేర్లు కనబడకుండా కప్పెయ్యాలి. మామూలు మనుషులను పిలిచి లోపల కూర్చోబెట్టి, ఏది బాగుందో వాళ్ళ నోటితోనే చెప్పించాలి. భోజనాల వేళకు అందరూ ఇళ్ళకు వెళ్ళిపోవాలి. అంతే.

పథకం చిన్నదే కానీ దాని మీద వేలాడుతున్నది పెద్దది. ఆ కోడలి అత్తింటివాళ్ళది కార్ల ఫ్యాక్టరీ. మామగారు యజమాని. అత్తగారి తమ్ముడు అమ్మకాలు చూసేవాడు, ఆయన్ను ఫ్యాక్టరీలో చిన్నయ్యగారు అంటారు. కోడలి భర్త ఇంజన్లు చూసేవాడు. ఇంట్లో మాట పెరిగిందంటే ఏదో ఒక ఇంజను కింద దూరి, మాట తగ్గాకే బయటికి వచ్చేవాడు. కోడలు సీట్లు కుట్టే షెడ్డు చూసేది. ఆ ఏడాది కార్లు అమ్ముడుపోక, ఫ్యాక్టరీ ఆవరణలోనే ఎండకు ఎండి వానకు తడుస్తున్నాయి.

"తప్పంతా సీట్లదే బావా," అన్నాడు చిన్నయ్యగారు, భోజనాల బల్ల దగ్గర. "మన కారులో కూర్చుంటే గోనెసంచి మీద కూర్చున్నట్టుంది. పెద్ద కంపెనీ కారు ఎక్కి చూడు, తలుపు తీస్తేనే ఒక దర్జా. వాళ్ళకు సీట్లు కుట్టే బయటి దుకాణానికే మన పనీ ఇచ్చేద్దాం. ఈ షెడ్డు మూసేద్దాం."

"దర్జా సీటులో ఉందా, పేరులో ఉందా చిన్నమామయ్యా?" అంది కోడలు. "పేరు కప్పేస్తే ఏది ఎవరిదో చెప్పగలరా?"

"నేనే కాదమ్మా, దారినపోయే దానయ్య కూడా చెప్తాడు. అంతెందుకు, మీ నాన్నే చెప్పాడుగా!"

ఆ దెబ్బ తగలవలసిన చోటే తగిలింది. కోడలి తండ్రి, కార్ల ఫ్యాక్టరీ ఇంటికి కూతురినిచ్చి కూడా, తాను కొనుక్కున్నది మాత్రం పెద్ద కంపెనీ కారు. ఎవరైనా అడిగితే, "పిల్లనిచ్చాను చాలదా? నడుము కూడా ఇవ్వాలా?" అనేవాడు. ఆ మాట ఎన్నోసార్లు తిరిగి తిరిగి మామగారి చెవిన పడింది.

మామగారు చెయ్యి కడుక్కుని వచ్చి తీర్పు చెప్పాడు. "పోటీ పెట్టండి. జనం మెచ్చిన కుట్టు ఎవరిదైతే సీట్ల పని వాళ్ళది. బయటివాళ్ళు గెలిస్తే షెడ్డుకు తాళం. నేను ఒకసారి మాటంటే అన్నట్టే."

షెడ్డులో కుట్టేవాళ్ళంతా ఆడవాళ్ళే. వాళ్ళలో చాలామంది ఇళ్ళలో పొయ్యి వెలిగేది ఆ సూది మీదే. ఆ సంగతి కోడలికి తెలుసు. ఆమెది ఉడుంపట్టు. గెలవాలి, గెలిచాక ఎవరూ వేలెత్తి చూపకూడదు. అందుకని తమ కారును ఏరుకోలేదు, ఆవరణలో వరసలో ముందున్నదాన్ని తోయించుకు వచ్చింది. తండ్రిని బతిమాలి ఒక్క రోజుకు పెద్ద కంపెనీ కారు తెచ్చింది. మూడోది ఫ్యాక్టరీ డాక్టరుగారిది. చిన్న కంపెనీ, చవక కారు. ఆయన ఎవరైనా చూస్తారేమోనని దాన్ని ఎప్పుడూ చెట్టు చాటున పెట్టేవాడు.

పొద్దున్నే మూడు కార్లకూ నేలదాకా టార్పాలిన్లు కప్పించి, తలుపుల దగ్గర మాత్రం కోయించింది. లోపలి పని కుట్టు షెడ్డుకు అప్పగించింది.

"స్టీరింగు మీద, డ్యాష్‌బోర్డు మీద, ఎక్కడ కంపెనీ గుర్తు కనబడితే అక్కడ నల్లగుడ్డ వేసి టాకాలు వెయ్యండి. ఇంకొక్క మాట. మన కారు సీట్లను ఎవరూ ముట్టుకోవద్దు. దుమ్ము కూడా దులపొద్దు. రేపెవరైనా మోసం చేశామంటే నేను తల ఎత్తుకోలేను. విన్నావా కత్తెరమ్మా?"

కత్తెరమ్మ షెడ్డులో అందరికీ పెద్ద. మెడలో గొలుసుకు బదులు తాడు కట్టిన కత్తెర వేలాడుతూ ఉంటుంది కనుక ఆ పేరు.

"విన్నానమ్మా. ప్రాణం పోయినా మన కారు ముట్టుకోం," అంది.

కత్తెరమ్మ మాటిస్తే తప్పే మనిషి కాదు. కోడలు నిశ్చింతగా అతిథులను పిలుచుకు రావడానికి వెళ్ళింది.

అతిథులుగా ఒక లారీ డ్రైవరు, ఒక బడి పంతులమ్మ, ఒక పోస్టుమాను, ఇంకా వీధిలోని వాళ్ళు కొందరు వచ్చారు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క పెద్ద బొత్తాం ఇచ్చారు. ప్రతి కారు ముందూ ఒక ఖాళీ డబ్బా పెట్టారు. మూడు కార్లలోనూ కూర్చుని, లోపలంతా చూసి, నచ్చినదాని ముందు బొత్తాం వెయ్యాలి.

లారీ డ్రైవరు మొదటి కారులో కూర్చుని వెనక్కి వాలాడు. ఎంతకూ బయటికి రాలేదు. కోడలు వెళ్ళి చూస్తే కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఏమండోయ్! దిగండి!"

"ఇంకాసేపు ఉండనివ్వండమ్మా. ఇరవయ్యేళ్ళయింది నడుముకు ఇంత సుఖం దొరికి."

రెండో కారు దిగి అదీ బాగుందన్నాడు. మూడో దాంట్లో కూర్చున్న మరుక్షణం దిగాడు. "ఇందులో నిద్ర రమ్మన్నా రాదు. రాత్రిపూట బండి నడిపేవాడికి ఇదే క్షేమం," అని, బొత్తాం మాత్రం మొదటి డబ్బాలో వేశాడు. ఆ మూడోది తమ కారని కోడలికి వేరే చెప్పనక్కరలేదు.

పంతులమ్మ మొదటి కారు సీటు అంచున వేలు పెట్టి నడిపించింది. "కుట్టు చూశారూ! స్కేలు పెట్టి గీసినట్టుంది. మా పిల్లలు ఇంత తిన్నగా ఒక్క గీత గీస్తే నా జన్మ ధన్యం."

పోస్టుమాను రెండో కారు పైకప్పు గుడ్డను వేలితో తట్టి, "డోలులా బిగిసి ఉంది," అని మెచ్చుకున్నాడు. మూడో కారులో అటూ ఇటూ కదిలి, "వీపులో ఏదో పొడుస్తోందండీ. ముందు నేనే ఏదన్నా పెట్టుకుని కూర్చున్నానా అని చూసుకున్నా," అన్నాడు.

మొదటి డబ్బా నిండుతోంది. రెండో డబ్బా గలగలమంటోంది. మూడో డబ్బాలో అడుగున ఒకే ఒక్క బొత్తాం పడి ఉంది. అది కోడలి భర్త వేసింది. వేసి, ఇంజన్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

కోడలు ఉండబట్టలేక వెళ్ళి మొదటి కారులో కూర్చుంది. తండ్రి కారు సీటు ఆమెకు తెలియనిదా? ఎన్నిసార్లు ఇందులో పుట్టింటికి వెళ్ళలేదు! ఎడమవైపు కుట్టు వదిలేసి, లోపలి రేకు తొడకు తగిలేది. దిగేసరికి కాలు తిమ్మిరెక్కేది. ఇవాళ చూస్తే అమ్మ ఒడిలో కూర్చున్నట్టుంది. 'అత్తింటి మీద అభిమానంతో ఇన్నాళ్ళూ నా నడుమే నాకు అబద్ధం చెప్పిందా?' అనుకుంది. కళ్ళు చెమర్చాయి. అయినా ముక్కు చీదుకుని దిగింది. ఓడిపోతే ఓడిపోయామని తానే నిలబడి చెప్పాలనుకుంది.

ఆ అవకాశం చిన్నయ్యగారు ఇవ్వలేదు. "ఇక ముసుగులు తీద్దాం బావా," అంటూ చరచరా వెళ్ళి మొదటి కారు స్టీరింగు మీది నల్లగుడ్డ లాగేశాడు. పెద్ద కంపెనీ గుర్తు తళుక్కుమంది.

"అదీ సంగతి!" అన్నారు జనం ఒక్క గొంతుతో.

గుర్తు కనబడిందో లేదో, కారుకు లేని గుణాలన్నీ పుట్టుకొచ్చాయి. పంతులమ్మకు తలుపు చప్పుడులోనే చదువు, సంస్కారం వినిపించాయి. పోస్టుమాను లోపలికి తల దూర్చి గాఢంగా ఊపిరి పీల్చి, "వాసనే వేరండీ. పెద్ద కంపెనీ వాసన ఎక్కడికి పోతుంది!" అన్నాడు.

చిన్నయ్యగారు రెండో కారు గుడ్డ కూడా లాగాడు. చవక కంపెనీ గుర్తు బయటపడింది. దాన్ని మెచ్చుకున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అబ్బే, నేను దీనికి వెయ్యలేదండీ. చెయ్యి జారి పడింది," అన్నాడు పోస్టుమాను. నెమ్మదిగా డబ్బా దగ్గరికి జరిగి, తన బొత్తాం ఏరి, పక్క డబ్బాలోకి మార్చాడు. ఆయన వెనకే ఇంకో ఇద్దరు వరస కట్టారు. ఇక అక్కడ పోటీ అన్నది మిగల్లేదు.

మామగారి ముఖం మాడిపోయింది. వియ్యంకుడి కారు గెలిచింది. అంతకంటే ఏం కావాలి? "చూశావుగా అమ్మా," అన్నాడు కోడలితో. "నాకూ బాధగానే ఉంది. కానీ అన్నమాట అన్నమాటే. గెలిచిన కుట్టు ఎవరిదైతే పని వాళ్ళది. సాయంత్రం షెడ్డుకు తాళం వేయించు."

షెడ్డు గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్ళు కొయ్యబారిపోయారు. కత్తెరమ్మ ఏదో అనబోయి, కోడలి ముఖం చూసి ఆగింది.

చిన్నయ్యగారికి గెలిచినా కడుపు నిండలేదు. "ఆగు బావా. ఇంత మంచి కుట్టు లోపల ఎలా ఉందో చూడొద్దూ? విప్పి చూస్తే దుకాణం వాడితో బేరం చేసేటప్పుడు పనికొస్తుంది," అని జేబులోంచి బ్లేడు తీసి కారులోకి దూరాడు.

"చిన్నమామయ్యా, అది మా నాన్న కారు!"

"మీ నాన్నకు కొత్త కవరు వేయిస్తాలే తల్లీ. ఆయన నడుముకు పూచీ నాది."

"మీరు పూచీ పడితే ఆయనకు నడుమే మిగలదు. దిగండి!"

ఆయన వినలేదు. ఎడమ చేత్తో సీటు అంచు గట్టిగా పట్టుకుని, బొటనవేలితో కుట్టు నొక్కి, కుడిచేత్తో బ్లేడు ఆనించాడు. మరుక్షణం, "చచ్చాన్రో!" అని ఎగిరి, కారు పైకప్పుకు తల కొట్టుకుని, బయటపడ్డాడు. బొటనవేలి మీద రక్తపు చుక్క. సీటు అంచులోంచి నిక్కబొడుచుకుని ఒక పెద్ద సూది, దానికి వేలాడుతూ జానెడు దారం.

"చూశావా బావా! సీటులో సూది వదిలేశారు! ఇంత పేరున్న కంపెనీ..."

అప్పుడు గుమ్మంలోని ఆడవాళ్ళను తోసుకుంటూ కొత్తగా పనిలో చేరిన అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"అమ్మయ్య! దొరికిందా అయ్యగారూ? పొద్దుటినుంచీ వెతుక్కుంటున్నా, నా సూదే అది!"

కత్తెరమ్మ నుదురు కొట్టుకుంది.

"నీ సూది ఈ కారులోకి ఎలా వచ్చిందే?" అన్నాడు మామగారు.

"కుడుతూ కుడుతూ ఉంటే అమ్మగారు వస్తున్నారన్నారు. గుచ్చి పారిపోయామండీ."

"కుడుతూనా? ఏం కుడుతూ?"

ఇక దాచి లాభం లేదని కత్తెరమ్మ ముందుకొచ్చింది. "పెద్దయ్యగారూ, తప్పయిపోయింది. గుర్తుకు గుడ్డ వేస్తుంటే పక్కనే ఆ వంకర కుట్టు కనబడింది. కంట్లో నలుసులా ఉంటే చెయ్యి ఊరుకుంటుందాండీ? ఒక్క టాకా వేశా. అది తిన్నగా పడేసరికి పక్కది ఇంకా వంకరగా కనబడింది. అట్లా అట్లా సీటంతా విప్పి, లోపలి ఫోము సర్ది, మళ్ళీ కుట్టేశాం."

"మరి డాక్టరుగారిది?"

"ఒకరికి చేసి ఒకరికి చెయ్యకపోతే పక్షపాతం కదండీ. అందుకని ఆయన కారుకు వేలాడే పైగుడ్డ కూడా లాగి బిగించి కుట్టాం."

"మన కారుకు ఎందుకు చెయ్యలేదే?" మామగారి గొంతు కీచుమంది.

"అదేంటండీ! ముట్టుకోవద్దని అమ్మగారు ఒట్టేసినట్టు చెప్పారు. మాట తప్పుతామా?"

అందరి కళ్ళూ కోడలి వైపు తిరిగాయి. పోస్టుమాను మాత్రం ఇంకా ఆశ వదల్లేదు. "అయితే మరి ఆ వాసన?"

"అది మా మిషను నూనె బాబూ. చేతులు తుడుచుకోలేదు."

చిన్నయ్యగారు వేలు నోట్లో పెట్టుకునే అరిచాడు. "ఇంత బాగా కుట్టడం వచ్చినవాళ్ళు మన కార్లకు అలా ఎందుకు కుడుతున్నారు? కావాలనే కదా!"

"చిన్నయ్యగారూ, మన కారు కుట్టేటప్పుడు మీరు గడియారం పట్టుకుని మా నెత్తి మీద నిలబడతారు. దారం తెగినా ముడి వెయ్యనివ్వరు, తొందర తొందర అంటారు. ఆ కారు దగ్గర మీరు లేరు కదండీ."

చిన్నయ్యగారు వేలు నోట్లోంచి తియ్యలేదు.

కోడలు చీర కొంగు దోపి మామగారి ఎదుట నిలబడింది. "మామయ్యగారూ, మీరు మాట మీద నిలబడే మనిషి."

"అందులో అనుమానమా?"

"జనం మెచ్చిన కుట్టు ఎవరిదైతే పని వాళ్ళదన్నారు. అందరి ముందూ రెండుసార్లు అన్నారు. మొదటి డబ్బా నిండింది. రెండో డబ్బా సగమైంది. రెండూ వీళ్ళ కుట్టే. ఇప్పుడు చెప్పండి, పని ఎవరిది?"

మామగారు డబ్బాల వైపు చూశాడు. బావమరిది వేలి వైపు చూశాడు. చెయ్యి చాచి, "ఆ గడియారం ఇటివ్వు," అన్నాడు. చిన్నయ్యగారు ఇచ్చాడు. అది మామగారి జేబులోకి వెళ్ళి, మళ్ళీ బయటికి రాలేదు. "షెడ్డు ఉంటుంది. కానీ కత్తెరమ్మా, రేపటినుంచి మన కార్లు కూడా ఎవరో పరాయివాళ్ళవి అనుకుని కుట్టండి."

సాయంత్రం వియ్యంకుడు తన కారు కోసం వచ్చాడు. జరిగినదంతా కూతురు పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన సీటులో కూర్చుని, అటూ ఇటూ సర్దుకుని, కూతురిని జాలిగా చూశాడు. అత్తింటిని వెనకేసుకు రావడానికి పిల్ల ఎంత కష్టపడుతోందో అనుకున్నాడు. నవ్వుకుంటూ తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పటికీ ఎవరిని ఆ కారు ఎక్కించుకున్నా ఆయన చెప్పే మాట ఒకటే: "పేరున్న కంపెనీ అంటే ఇదీ. వాడేకొద్దీ కుట్టు బిగుస్తుంది."

ఇట్లు,
బొత్తాల పెద్దమ్మ. వయసు డెబ్బై రెండు. ఇప్పుడు ఉండేది మేనకోడలి ఇంట్లో, వీధివైపు గదిలో.