వంగని మంత్రిగారు, మా ఎత్తుమడి

శుభవార్త వచ్చేసరికి నేను పెరట్లో నత్తల్ని ఏరుతున్నాను.

'ఇంటింటా ఎత్తుమడి' పథకం కింద దేశం మొత్తమ్మీద వేసిన నలభై వేల మడుల్లో మా మడి ఆదర్శ మడిగా ఎంపికైందనీ, గురువారం ఉదయం ఉద్యాన శాఖ మంత్రిగారు స్వయంగా విచ్చేసి, అందులోని తొలి స్ట్రాబెర్రీని స్వహస్తాలతో కోసి, కెమెరాల ముందు ఆరగించి, పథకం జయప్రదమైనట్టు ప్రకటిస్తారనీ ఉద్యానాధికారిగారు గేటు దగ్గర నిలబడి చదివారు. చదివి కాగితం మడిచి, "అభినందనలమ్మా" అన్నారు. రెండు చేతుల్లోనూ నత్తలుండటం వల్ల నేను తల మాత్రం ఊపాను.

"నలభై వేలల్లో మాదే ఎందుకు నచ్చిందండీ?" అని అడిగాను, పొగడ్త ఇంకొంచెం వినాలని.

"మడి ఉన్నది మీ దగ్గరే కదమ్మా" అన్నారాయన. "మిగతావి రిపోర్టులో ఉన్నాయి."

ఇంత నిజాయితీగల అధికారిని పాఠకులు ఈమధ్య చూసి ఉండరు.

మడి గురించి రెండు మాటలు చెప్పాలి. మా పెళ్లయి ఐదు నెలల పదకొండు రోజులైంది. పెళ్లికి వచ్చిన బీరువాను ఒక చెక్క పెట్టెలో పంపించారు. పెళ్లైన రెండోవారంలోనే మావారు ఆ చెక్కలు ఊడదీసి, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, తొమ్మిదంగుళాల ఎత్తున అడుగులేని పెట్టెలా బిగించి పెరట్లో పెట్టారు. బిగించేటప్పుడు సుత్తి బొటనవేలి మీద రెండుసార్లు పడింది. రెండుసార్లూ నేనే కట్టు కట్టాను. మట్టీ ఎరువూ కలిపి పిండి జల్లెడతో జల్లించాం. ఈ సంగతి మా అత్తగారికి తెలియదు, పేపర్లో చూసి తెలుసుకుంటారు. ఎనిమిది మొక్కలు నాటి, మొదళ్ల చుట్టూ ఎండుగడ్డి పరిచాం.

ఏడు మొక్కలు ఆకులు వేశాయి. ఎనిమిదోది ఒక్క కాయ కాసింది.

ఆ ఒక్కదాని మీదా మాకొక ఒప్పందం ఉంది. పండగానే సగం సగం. స్ట్రాబెర్రీకి కొస తియ్యగా ఉంటుందట, తొడిమ వైపు చప్పన. "కొస నీకు, తొడిమ నాకు" అన్నారు మావారు. కాపురంలో అంతకంటే పెద్ద మాట నేనింకా వినలేదు. రోజూ నిద్రలేవగానే కాయను చూసి వచ్చి, ఎంతవరకూ ఎర్రబడిందో ఒకరికొకరు చెప్పుకుంటాం. ఇద్దరం కలిసే వెళ్లి చూస్తాం, అయినా చెప్పుకుంటాం.

అధికారిగారు వెళ్లాక మావారు నెమ్మదిగా అన్నారు: "ఉన్నది ఒక్కటే కదా."

"మంత్రిగారికి సగం చాలదేమోనండీ."

"చాలినా, కొస ఆయనే తింటాడు."

ఆ పూట మేమిద్దరం దేశం కోసం త్యాగం చేస్తున్నామని అనుకుని చూశాం. అంత గొప్పగా ఏమీ అనిపించలేదు.

మర్నాడు అధికారిగారు కొలత టేపుతో వచ్చారు. మడి ఎత్తు కొలిచి పెదవి విరిచారు.

"తొమ్మిదంగుళాలు చాలదమ్మా. నడుం దాకా లేపాలి. మంత్రిగారు వంగరు."

"ఎవరి ముందూ వంగరాండీ?" మావారికి ఆయన మీద ఒక్కసారిగా గౌరవం కలిగింది.

"మోకాళ్ల సంగతి చెప్తున్నానండీ. మిగతా విషయాల్లో వంగుతారు."

"ఓ స్టూలు వేసి కూర్చోబెడితే?"

"కూర్చుంటే లేవరు సార్. పదవిలో అలవాటు."

మా ఇంట్లో నడుమెత్తు వస్తువు ఒక్కటే ఉంది, మా పెదనాన్న పెళ్లికిచ్చిన భోజనాల బల్ల. శాఖ నుంచి ఆరుగురు మనుషులొచ్చి, మడి కింద రేకు దూర్చి, మట్టితో మొక్కలతో సహా దాన్ని బల్ల మీదికి ఎక్కించారు. ఆ విధంగా దేశంలోకెల్లా ఎత్తయిన ఎత్తుమడి మాదైంది. మేం వంటింట్లో కింద కూర్చుని తిన్నాం. కింద కూర్చుంటే మోకాలికి మోకాలు తగులుతుందని పాఠకులకు మనవి. ప్రభుత్వ పథకాల వల్ల లాభం లేదనేవాళ్లు ఒకసారి ఆలోచించాలి.

మడిని ఎక్కిస్తున్నప్పుడు ఒక సంగతి బయటపడింది. ఒక మొక్క నుంచి సన్నటి తీగ బయల్దేరి, నేలమీద పాకి, పక్కింటి గోడెక్కి అవతలికి దిగి ఉంది. మడి లేస్తున్నకొద్దీ ఆ తీగ బిగుసుకుంది.

"లాగకండి నాయనా" అంటూ గోడ మీద ఒక తల కనిపించింది. రిటైరైన టీచరమ్మగారు. "దాని కొసన పిల్లమొక్క నా మడిలో వేరు పట్టి మూడు నెలలైంది. కాపు మీదుంది."

ముగ్గురం గోడ మీంచి చూశాం. ఆవిడ మడి ఇటుకలతో కట్టింది. మా మొక్క పిల్ల, దాని పిల్లలు, వాటి పిల్లలు అక్కడ గుంపుగా ఉన్నాయి. వల కింద కనీసం ముప్ఫై పళ్లు ఎర్రగా వేలాడుతున్నాయి.

"మాకు ఒక్కటే కాసిందేమిటండీ?" అన్నాను, కొంచెం చిన్నబోయి.

"మీరు నీళ్లెక్కువ పోస్తారమ్మాయ్. పొద్దున అతను, తర్వాత నువ్వు, సాయంత్రం ఇద్దరూ. నాకు కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటుంది. ఆకులు కాక ఇంకేం వస్తాయి. కావాలంటే ఇవి కోసుకోండి."

"వద్దండీ, మాది మాకుంది" అన్నారు మావారు అభిమానంగా. నాకు ఆయన్ని అక్కడే మెచ్చుకోవాలనిపించింది గానీ అధికారిగారున్నారు.

అధికారిగారు ఆ పళ్ల వైపు ఆశగా చూశారు. తర్వాత ఏదో గుర్తొచ్చి చూపు తిప్పుకున్నారు. టీచరమ్మగారి తమ్ముడు అవతలి పార్టీకి అధ్యక్షుడు.

"అవి పళ్లు కావు" అన్నారు.

"ఎర్రగా కనిపిస్తున్నాయి కదండీ."

"కనిపించడం వేరమ్మా, ఎంపికవడం వేరు." జేబులోంచి చిన్న పుస్తకం తీశారు. "ఇదుగో, నిబంధన. పాకే తీగలు తల్లిమొక్క బలాన్ని లాగేస్తాయి, వెంటనే కత్తిరించాలి. మంత్రిగారికి ఈ నిబంధన చదివి వినిపిస్తే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. గురువారం ఉపన్యాసం దీని మీదే."

కత్తెర తెచ్చి, ఫొటో తీయించుకుని, తీగను తెంచారు.

"తెంచుకో నాయనా" అంది టీచరమ్మగారు గోడ దిగుతూ. "వేరు పట్టాక తల్లితో దానికి పనేముంది."

గురువారం వచ్చింది. మంత్రిగారికి ఎండ తగలకూడదని రెండు రోజుల ముందే పెరడంతా గుడ్డ పందిరి వేయడం వల్ల మా కాయకు ఎండ లేకపోయింది. కొస ఎర్రబడింది. తొడిమ వైపు సగం తెల్లగానే ఉండిపోయింది.

"ఎరుపు కెమెరాల వైపు, తెలుపు మంత్రిగారి వైపు" అని అధికారిగారు కాయను తిప్పి, గడ్డిపరకతో ఆనించారు. "మంత్రిగారు తమ వైపు చూసుకోరు."

మంత్రిగారు వచ్చారు. ఆయన నిలకడకు పెట్టింది పేరు. మూడు పార్టీలు మారినా శాఖ మారలేదు. నన్ను చూసి "బాగున్నావా చెల్లెమ్మా" అన్నారు. మావారిని చూసి కూడా "బాగున్నావా చెల్లెమ్మా" అనబోయి మధ్యలో దగ్గారు.

తర్వాత బల్ల పక్కన నిలబడి, చెయ్యి మడి అంచుమీద ఆనించి, ఉపన్యాసం మొదలుపెట్టారు. ఆ గొంతులో అంత బాధ నేను ఊహించలేదు.

"ఈ మొక్కను చూడండి. దీనిది తల్లి మనసు. పాలిచ్చింది, బలమిచ్చింది. అయినా ఒక తీగ ఏం చేసింది? కాస్త తడి కనిపించగానే గోడ అవతలికి పోయింది. అటువంటి తీగలకు చరిత్రలో చోటుందా? నేనడుగుతున్నాను, ఉందా?"

విలేకరులు రాసుకున్నారు. గోడ అవతల టీచరమ్మగారు నీళ్ల డబ్బా కింద పెట్టిన చప్పుడైంది.

"నేను తల్లి నీడను వదలను" అని మంత్రిగారు కాయ మీద చెయ్యి వేశారు.

రెండు వేళ్ల మధ్య మా కాయ. మావారు నా చెయ్యి పట్టుకున్నారు. నేను కళ్లు మూసుకోలేదు, చివరి చూపు కదా.

అప్పుడు మంత్రిగారి ఫోను మోగింది. ఫోను అధికారిగారి దగ్గరుంది. విని, చెవి దగ్గరకు వంగి చెప్పారు. పందిరి చిన్నది కాబట్టి మాకూ వినిపించింది.

"ఎన్నికలకి మన పార్టీ అభ్యర్థుల జాబితా వచ్చిందటండి."

"నా పేరు ఎన్నోది?" వేళ్లు కాయ మీదే ఉన్నాయి.

"చదువుతున్నారండి."

"చదివారా?"

"రెండుసార్లు చదివారటండి."

మంత్రిగారు కాయను వదిలారు. ఎంత సుతారంగా వదిలారంటే గడ్డిపరక కూడా కదల్లేదు. విలేకరులను వీధిలోకి పంపించి, కొంచెంసేపు ఆకుల్ని చూసి, గోడ దగ్గరికి నడిచారు.

"అక్కా" అన్నారు.

"ఏం బాబూ" అంది టీచరమ్మగారు.

"ఆ మొక్క ఎక్కడిదక్కా?"

"మీరిప్పటిదాకా తిట్టిందే."

"తిట్టలేదక్కా. పరిశీలించాను. అటువైపు మట్టి ఎలా ఉంటుంది?"

"మట్టికేముంది బాబూ, ఎటైనా మట్టే. ఎండ మాత్రం ఇటే తగులుతుంది."

"తమ్ముడుగారు వస్తూంటారా?"

"రేపు పదింటికి వస్తానన్నాడు, పళ్లు తినడానికి."

"చాలా ఉన్నాయి కదా పళ్లు" అన్నారు మంత్రిగారు, ఆలోచిస్తూ. "ఒక్కరే తినలేరేమో."

ఆ తర్వాత ఆయన మాకు చెప్పకుండానే కారెక్కి వెళ్లిపోయారు. శాఖవాళ్లు పందిరి విప్పుకున్నారు. మా పెరట్లో ఎండ పడింది.

మావారు చాకు తెచ్చారు. ఒప్పందం ప్రకారం కొస నాకు, తొడిమ ఆయనకు. నాది ఎంత తియ్యగా ఉందో రాస్తే గొప్పలంటారు. ఆయన తెల్లముక్క నోట్లో వేసుకుని, కాసేపు నమిలి, "బ్రహ్మాండంగా ఉంది" అన్నారు.

"మీరూ మంత్రిగారిలా మాట్లాడుతున్నారే."

"పచ్చి గడ్డిలా ఉంది" అని ఒప్పుకున్నారు. నా ముక్కలో ఇంకా కొంచెం మిగిలి ఉంది. అది ఆయన నోట్లో పెట్టాను.

సరిగ్గా ఆ సమయానికే అధికారిగారు మళ్లీ గేటు తీసుకుని వచ్చి, మర్యాదగా ఆకాశం వైపు చూశారు.

"మడిని కిందికి దించేస్తామమ్మా. బల్ల మాత్రం ఇంకొక్క రోజు ఉంచాలి. కాస్త ఆ గోడకి ఆనించి."

"బల్లెందుకండీ?"

"వీధిలోంచి వెళ్తే విలేకరులుంటారు. మంత్రిగారు మీ పెరట్లోంచే వెళ్దామనుకుంటున్నారు."

"మోకాళ్ల నొప్పులు కదండీ ఆయనకి?"

"వంగడానికేనమ్మా నొప్పి. ఎక్కడానికి ఏనాడూ లేదు."

తర్వాత జేబులోంచి కొత్త కాగితం తీసి, గొంతు సవరించుకుని, గేటు దగ్గర నిలబడినప్పటి గొంతుతోనే చదివారు:

"రేపు ఉదయం పది గంటలకు అవతలి పెరట్లో, కొత్త మట్టిలో సొంత వేళ్ల మీద నిలబడ్డ తీగను మంత్రిగారు అభినందిస్తారు. అంతకుముందు, తొమ్మిదిన్నరకు, ఈ పెరట్లో బల్ల కదలకుండా పట్టుకోవలసినవారు: ఇంటాయన, ఆయన భార్య."