మా కార్యాలయంలో ధైర్య శిబిరం

కోరుట్లలోని మా కార్యాలయంలో 'ఉద్యోగులు – ధైర్యంగా మాట్లాడు విధానం' అనే రెండు రోజుల శిక్షణ శిబిరం దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. సిబ్బంది ఇరవై మందిమీ పాల్గొన్నాం. మా ఆఫీసరు గారు తప్ప ఎవరూ నోరు తెరవలేదు కనుక కార్యక్రమం సమయానికే పూర్తయింది.

హైదరాబాదు నుంచి వచ్చిన శిక్షకుడు మూడు సూత్రాలు చెప్పాడు. నిటారుగా నిలబడాలి. ఎదుటివారి కళ్లలోకి చూడాలి. అన్యాయమనిపిస్తే 'ఎందుకు?' అని అడగాలి. పాపం, దూరం నుంచి వచ్చినవాడు. మా ప్రాంతంలో ఈ మూడు లక్షణాలూ ఉన్న మనిషిని, అడవిలోని అన్నల మనిషని ఠాణాకు తీసుకుపోతారు. అందుకే మేం స్వయంకృషితో వేరే విద్య నేర్చుకున్నాం. పోలీసులు అడిగితే 'ఏమో సార్'. అన్నలు అడిగితే 'ఏమో అన్నా'.

ముగింపు రోజు మధ్యాహ్నం మా ఆఫీసరు శ్యాంసుందర్ రావు గారు ధైర్యం గురించి గంటసేపు కాగితం చూసి చదివి, ఉపన్యాస పోటీలో ప్రథమ బహుమతి పొందారు. "ఉద్యోగికి వెన్నెముక ఉండవలె! నిజం చెప్పుటకు వెనుకాడరాదు!" అన్నచోట చప్పట్లు కొట్టాం. అటెండర్ ఎల్లన్న అందరికీ చాయ్ పోశాడు. హాలు ఊడ్చే అతని భార్య రాజవ్వ తలుపు దగ్గర కూర్చుని అంతా విన్నది. పేరు నమోదు కానందున ఆమెకు సర్టిఫికెట్ ఇవ్వలేదు.

సరిగ్గా ఆ గంటలోనే మల్లాపూర్ దారిలో ఎవరో బస్సు తగలబెట్టారు. మర్నాడు ఆ కేసులో పోలీసులు ఎల్లన్నను జీపెక్కించారు.

"సారూ, జర వచ్చి ఒక్క మాట చెప్పుండ్రి. నిన్న మీరే గదా నిజం చెప్పాలన్నరు?" అని రాజవ్వ ఆఫీసు వాకిట్లో అడ్డం నిలబడింది. రావు గారికి వెళ్లక తప్పలేదు. మేమూ వెళ్లాం, కొంచెం వెనకగా.

ఠాణాలో రావు గారు చేతులు కట్టుకుని ఇన్‌స్పెక్టర్ బూట్లను శ్రద్ధగా పరిశీలించారు. "ఏమో సార్... తమరికి ఎట్ల తోస్తే గట్ల."

రాజవ్వ ముందుకొచ్చింది. నిటారుగా నిలబడి ఇన్‌స్పెక్టర్ కళ్లలోకి చూసింది.

"బస్సు కాలినప్పుడు మా ఇంటాయన గీ సార్లందరికి చాయ్ పోస్తుండె. గీ పెద్దసారైతే రెండుసార్లు అడిగి తాగిండు. మరి ఎందుకు పట్టుకచ్చిండ్రు?"

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో ముందుకు వంగాడు. "గిట్ల మాట్లాడుడు నీకు ఎవరు నేర్పిండ్రు?"

ఆమె మా వైపు చూసింది.

శిబిరం ఫలితం అప్పుడు కళ్లారా చూశాం. రావు గారు నిటారుగా నిలబడ్డారు. ఇన్‌స్పెక్టర్ కళ్లలోకి సూటిగా చూశారు.

"మేం కాదు సార్!"

కాగితం లేదు. గొంతు వణకలేదు. మిగతా పందొమ్మిది తలలూ ఒక్కసారే ఊగాయి.

రాజవ్వను ఎల్లన్న పక్కనే కూర్చోబెట్టారు.

వచ్చే వారం సిరిసిల్లలో రెండో శిబిరం. రావు గారే శిక్షకుడు. మా కార్యాలయంలో మాత్రం నెల రోజులుగా హాలు ఊడ్చేవారు లేరు, చాయ్ పోసేవారు లేరు. ఎందుకని ఎవరం అడగలేదు. అందరి దగ్గరా సర్టిఫికెట్లున్నాయి.