ఎవరి కాళ్లండీ?

"నూజివీడు వెన్నెముక ఇక వంగదు!"

ఈ చారిత్రక ప్రకటన ఓ శుభోదయాన బస్టాండు ఎదుట ఫ్లెక్సీ మీద వెలిసింది. దాని కింద పొట్ట లోపలికి పీల్చి నిలబడిన మహానుభావుడు రవిచంద్ర. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో యజమాని ముందు వంగలేక ఉద్యోగం మానేసి, 'నిటారు ఫిట్‌నెస్' పెట్టిన ఆత్మాభిమాని. ఇక జన్మలో ఎవరి ముందూ నడుం వంచనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు నిలబెట్టుకోవడం కష్టమేమీ కాలేదు. వంగుదామన్నా ఆయన చేతులు మోకాళ్లు దాటవు.

"మీ కాళ్లు మీకే అందవు, ఊరికేం నేర్పుతారండీ?" అంది భార్య తేజస్వి, ఫోన్‌లో వీడియో తీస్తూ.

"నాకు చెప్పడం వస్తే చాలే. అందుకోవడం స్టూడెంట్ల పని!"

జిమ్ములో మనుషులకంటే బల్లులే ఎక్కువ. అందుకని కొత్త ప్లాన్ వేశాడు. తోటల్లో ఒక్క పూట పెట్టి ఎత్తేసే పాపప్ క్లాసులు, ఆ వీడియోలతో ఆన్‌లైన్ కోర్సు. ఇదీ మునిగితే మళ్లీ గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర చేతులు కట్టుకోవాలి.

తొలి క్లాసుకు ముసునూరులో తన మామిడితోట ఇచ్చిన దాత తిరుపతిరావుగారు. ఏ పదవీ లేకపోయినా క్షణం తీరిక లేని పార్టీ నాయకుడు.

"జనం సంగతి నాకొదిలెయ్యవయ్యా. మనకలవాటేగా!"

అన్నట్టే ట్రాక్టర్లలోంచి జనం దిగారు. ముందు వరసలో కార్యకర్త చిన్నయ్య.

"మేస్టారూ, పాపప్పు క్లాసన్నారు. పప్పన్నం ముందా, క్లాసు ముందా?"

"క్లాసే ముందు! అందరూ చేతులు పైకెత్తండి!"

ఎత్తారు. దించేసరికి చేతుల్లో తలా ఒక చిన్నరసం మామిడిపండు. తిరుపతిరావుగారి చిరునవ్వు కాస్త సన్నబడింది.

"ఇప్పుడు ముందుకు వంగి కాళ్లు ముట్టుకోండి!"

చిన్నయ్య చుట్టూ చూశాడు. "ఎవరి కాళ్లండీ?"

"ఎవరివేంటయ్యా? కాళ్లు!"

చిన్నయ్యకు అర్థమైపోయింది. తిన్నగా వెళ్లి, కుర్చీలో ఉన్న తిరుపతిరావుగారి కాళ్లు అందుకున్నాడు. వెనకాలే జనం లైను కట్టారు. ఆహా, ఏం వంగడం! మోకాలు కదల్లేదు, ఊపిరి తప్పలేదు. ఏళ్ల తరబడి సాధన మరి.

"మీ కాళ్లయ్యా బాబూ! ఎవరి కాళ్లు వాళ్లే!" అని మొత్తుకున్నాడు రవిచంద్ర.

"మా కాళ్లు మేం ముట్టుకుంటే మాకేం వస్తదండీ?" అన్నాడు చిన్నయ్య అమాయకంగా.

తేజస్వి ఆ వీడియో ఆన్‌లైన్‌లో పెట్టింది. వారం తిరక్కుండానే కోర్సులో చేరేవాళ్లు తోసుకుంటూ వచ్చారు. అంతా ఎన్నికల టికెట్ ఆశిస్తున్న ప్రజాసేవకులే. మోకాళ్ల నొప్పులున్న సీనియర్లకు వేరే బ్యాచ్ ఉందా అని ఒకాయన అడిగాడు. సారు కారు దిగేలోపే కాళ్లు అందాలంటే ఏ ఆసనం వెయ్యాలని ఇంకొకాయన. పొద్దున ఆ పార్టీ, సాయంత్రం ఈ పార్టీ, మధ్యాహ్నం పార్టీ మారేవాళ్లు. ఇలా బ్యాచులు పెట్టాల్సి వచ్చింది.

"ఇది నా కోర్సు కాదే! నేను వెన్నెముక మనిషిని!"

"అయితే జిమ్ము మూసేద్దామా?" అంది తేజస్వి.

రవిచంద్ర కోర్సు పేరు 'అడ్వాన్స్‌డ్ ఫార్వర్డ్ బెండ్' అని మార్చాడు. వంగనని ఫ్యాక్టరీ వదిలేసి, వంగడం నేర్పే ఫ్యాక్టరీ పెట్టానే అని తన మీద తనే నవ్వుకున్నాడు. తాను మాత్రం వంగలేదు కదా, అదే ధైర్యం.

ఈ ఘనకీర్తి విని సాక్షాత్తూ మంత్రిగారే తోటకు విచ్చేశారు. బస్టాండు ఫ్లెక్సీని తెచ్చి వేదిక వెనక కట్టారు.

"రాష్ట్రానికి ఫిట్‌నెస్ సలహాదారు కావాలయ్యా," అన్నారు మంత్రిగారు రవిచంద్ర భుజం తట్టి. "వెన్నెముక ఉన్న మనిషి కోసం చూస్తు..."

మాట పూర్తికాలేదు. రవిచంద్ర చేతులు మోకాళ్లు దాటాయి, పిక్కలు దాటాయి, మంత్రిగారి పాదాల దాకా ఎక్కడా ఆగలేదు.

"ఏవండీ! అందాయండీ!" అని సంతోషం పట్టలేక కేక పెట్టింది తేజస్వి.

ఆ వీడియోనే ఇప్పుడు కోర్సులో మొదటి పాఠం. వెనకున్న ఫ్లెక్సీ మీద అక్షరాలు చక్కగా కనిపిస్తాయి.