తూర్పు కాలేజీయా, పడమర కాలేజీయా?

బరంపురం పుర ప్రజలకు, అందులోనూ హల్దియాపదర్ తెలుగు కుటుంబాలవారికి తెలియజేయడమేమనగా, మా వీధిలో ఈ ఏటి కాలేజీ ఎంపిక శాంతియుతంగా ముగిసింది. రెండు కుటుంబాల మధ్య మాటలు ఆగిపోయాయి. ఆ రెండిళ్ల మధ్యా ఇల్లు కట్టుకున్న పాపానికి నాకు రెండువైపులా ప్రహరీ గోడలు మూరెడేసి లేచాయి. గాలి రాదన్న మాటే గానీ ఇంతకు మించి నష్టమేమీ జరగలేదు.

ముందు ఆ కాలేజీల సంగతి చెప్పాలి. రంభ ఊరికి వెళ్లే జాతీయ రహదారి మీద రెండు ఇంజనీరింగు కాలేజీలు ఎదురెదురుగా ఉన్నాయి. తూర్పున ఉన్నది స్వర్ణశిఖర్, పడమరన ఉన్నది హేమశృంగ్. రెండు పేర్లకీ అర్థం బంగారు కొండకొమ్మే కాబట్టి మేం తికమకపడకుండా తూర్పు, పడమర అనుకుంటాం. రెండింటి ముందూ నీళ్లు లేని ఫౌంటెన్లున్నాయి. రెండింటి హోర్డింగుల మీదా ఒకే అమ్మాయి నవ్వుతూ మొదటి ర్యాంకు తెచ్చుకుంది. తనిఖీ వాళ్లు తూర్పుకొస్తే పడమర లెక్చరర్లు రోడ్డు దాటి తూర్పున పాఠాలు చెబుతారు, పడమరకొస్తే తూర్పు వాళ్లు ఇటు దాటుతారు. విద్యావంతులకు ప్రమాదం జరగకూడదని అక్కడ స్పీడు బ్రేకరు కూడా వేశారు. గురువుల పట్ల ఇంత భక్తి ఇంకే రహదారికీ లేదు.

ఈ ఏడు రెండు కాలేజీలూ ఒకే వారంలో ‘ముందస్తు నిర్ణయ పథకం’ ప్రకటించాయి. ప్లస్ టూ ఫలితాలు రాకముందే ఏదో ఒక్క కాలేజీని ఎంచుకుని, సంతకం పెట్టి, పిల్లల పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్ అక్కడ అప్పగించాలి. అప్పగించాక అది వాళ్ల బీరువాలో ఉంటుంది, చదువు పూర్తయితే గానీ బయటికి రాదు. వ్యవధి ఇస్తే మనిషి ఆలోచించి బాధపడతాడు కనుక ఆ బాధ వాళ్లే తప్పించారన్నమాట. పైగా గొడుగు ఉచితం.

దీని మీద కల్యాణ మండపంలో అవగాహన సదస్సు జరిగింది. ఉదయం తూర్పు ప్రిన్సిపాల్ మాట్లాడారు. “తల్లిదండ్రులారా! మా సంస్థ చదువు చెప్పదు, భవిష్యత్తును నిర్మిస్తుంది! మాతో పోల్చదగిన సంస్థ చుట్టుపక్కల లేనే లేదు!” అన్నారు. సాయంత్రం పడమర ప్రిన్సిపాల్ అవే మాటలు అవే చోట్ల ఆగి చెప్పారు. రెండుసార్లూ మేం చప్పట్లు కొట్టాం. ఒకసారి కొట్టి ఇంకోసారి మానేస్తే పక్షపాతమంటారు కదా.

ఇప్పుడు నా ఇరుగుపొరుగు. కుడివైపు శరత్ చంద్ర, ప్రభుత్వాఫీసులో పెద్ద గుమాస్తా. తల్లి కామేశ్వరమ్మ, కూతురు నీహారిక. ఎడమవైపు లోకనాథ్. పుట్టింది రామయ్యపట్నంలో. తండ్రి చేపలు పట్టాడు, ఈయన ఆ చేపలకి ఐసు అమ్మి మేడ కట్టాడు. భార్య ఉషారాణి, కొడుకు ప్రేమ్. ఈ ఏడు పిల్లలిద్దరూ ప్లస్ టూ రాశారు.

శరత్ చంద్ర నమ్మకం ఏమిటంటే, రెండు కాలేజీల క్యాంటీన్లకీ ఐసు వేసేది లోకనాథే కాబట్టి లోపలి గుట్టంతా ఆయనకి తెలుసు. “వ్యాపారస్థుడు ఊరికే అడుగు వెయ్యడండీ. వాడు ఎటు వేస్తే మనమూ అటే” అని నాతో గోడ మీంచి గుసగుసలాడాడు. లోకనాథ్ నమ్మకం ఏమిటంటే, ఆఫీసులో పనిచేసేవాడు నాలుగు కాగితాలు తిరగేస్తాడు కాబట్టి గుట్టంతా శరత్ చంద్రకే తెలుసు. “సదువుకున్నోలు సూడకండా ఎయ్యరండి. ఆల్లు ఎటేస్తే మనం కూడా అటే” అని రెండో గోడ మీంచి నాతో అన్నాడు. ఇద్దరూ కాలేజీలు చూసొచ్చారు. ఇద్దరూ ఫౌంటెన్లే చూశారు.

ఇక్కడ మా ఆచారం ఒకటి మీకు తెలియాలి. కడుపుతో ఉన్న సంగతి అయిదో నెల దాకా బయటపెట్టనట్టే, కాలేజీ పేరు క్లాసులు మొదలయ్యేదాకా నిజం చెప్పకూడదు. దిష్టి తగులుతుంది. ఎవరైనా అడిగితే రెండో పేరు చెప్పాలి. అడిగినవాడికీ అది అబద్ధమని తెలుసు కాబట్టి దాన్ని అబద్ధమనరు, మర్యాద అంటారు.

కనుక ఇద్దరూ నోరు విప్పకుండా ఒకరినొకరు కనిపెట్టుకుని కూర్చున్నారు. కామేశ్వరమ్మ గారు కరివేపాకు కోసమని వెళ్లి వాళ్లింట్లో గొడుగేమైనా వేలాడుతోందా అని చూసొచ్చారు. ఉషారాణి వడియాలు ఆరేసే నెపంతో మేడెక్కి వీళ్ల పెరటికేసి మధ్యాహ్నమంతా చూసింది. ఏమీ తేలలేదు. గడువు దగ్గరపడింది. ఇక లాభం లేదని శరత్ చంద్ర తూర్పుకి మొగ్గాడు. ఎందుకయ్యా అంటే, అక్కడి ఫౌంటెన్‌కి పాలరాయి వేశారట.

నీహారిక గుండెల్లో రాయి పడింది. ఆ పిల్ల సంగతి చెప్పాలి. మా వీధిలో మిక్సీ ఆగినా, ఇన్వర్టరు మొరాయించినా కబురు వెళ్లేది నీహారికకే. ఏ వస్తువైనా విప్పి చూడందే దానికి అన్నం సహించదు. అది ఒక్కతే బస్సెక్కి వెళ్లి రెండు కాలేజీల్లోనూ ఫౌంటెన్ దాటి లోపలికెళ్లింది. తూర్పు ల్యాబులో యంత్రాలకి ప్లాస్టిక్ తొడుగులు ఇంకా తియ్యలేదు. ముట్టుకోబోతే, తనిఖీ రోజున తప్ప తియ్యకూడదన్నారు. పడమర ల్యాబులో ఒకావిడ దీని మొహం చూసి సోల్డరింగు కడ్డీ చేతికిచ్చి, ఒడియాలో “చెయ్యమ్మా, కాలితే కాలనీ” అంది. భూమ్మీద ఆ రెండు కాలేజీలకీ ఉన్న తేడా అదొక్కటే. నాలుగేళ్లు చేత్తో పని నేర్చుకోవడమో, నాలుగేళ్లు ప్లాస్టిక్ తొడుగులు చూడటమో.

వచ్చి తండ్రితో చెప్పింది. ఆయన నవ్వాడు. “ల్యాబు ఎవరు చూస్తారే? లోకనాథ్ వాళ్లు ఎటు వేస్తున్నారో కనుక్కో, అదీ తెలివంటే.”

గడువుకి ముందురోజు ఆదివారం. నా గదిలో ఫ్యాను ఆగిపోతే నీహారిక వచ్చి విప్పుతోంది. ప్రేమ్ స్టూలు పట్టుకున్నాడు. వాడి బాధ వాడిది.

“నీతో ఒకే కాలేజీలో పడితే నేను సచ్చిపోతానే. మా నాన్న రోజూ నీ మార్కులు నా మొహాన కొడతాడు. నువ్ పడమరకెల్లు, నేను తూర్పుకెల్తాను. అక్కడ సమోసా కూడా ఏడేడిగా దొరుకుద్ది.”

“మనల్ని ఎవరడిగారు?” అని నీహారిక స్క్రూ నోట్లోంచి తీసి కాసేపు పైకి చూసింది. “ఒరే, నిజం చెప్పేద్దాం.”

“ఏటి? నిజం సెప్తే మనోల్లు నమ్మరు కదే.”

“అందుకే.”

అని ఫ్యాను తిప్పింది. తిరిగింది. అంత గాలి ఆ గదిలో అదివరకు ఎప్పుడూ రాలేదు, ఇక రాబోదు కూడా, ఆ గోడల వల్ల.

ఆ సాయంత్రం శరత్ చంద్ర మొక్కలకి నీళ్లు పోస్తుంటే ప్రేమ్ గేటు దగ్గర నిలబడ్డాడు.

“ఏరా, ఏటి తేల్చారు?”

“తూర్పుకే, అంకుల్.”

శరత్ చంద్ర గొట్టం పారేసి లోపలికి పరుగెత్తాడు. “అమ్మా, కుర్రాడికి ఎంత బాగా నేర్పారో చూశావా! పడమరే, అనుమానం లేదు!” కామేశ్వరమ్మ గారు కిటికీలోంచి చూసి, “ఆ మొహం చూస్తేనే తెలియటం లేదూ, పదహారణాల అబద్ధం” అని నిర్ధారించారు.

అదే సమయానికి నీహారిక అటువైపు ఇంట్లో నిలబడి ఉంది. “బాబాయ్, మేం పడమరకే వేస్తున్నాం.” లోకనాథ్ ఆ పిల్ల వెళ్లేదాకా తల ఊపి, భార్యకేసి తిరిగాడు. “సూసావేటే? కన్నార్పకండా ఎలాగ సెప్పిందో! సదువుకున్నోల పిల్లంటే అదీ. మనోడికి ఈ తెలివెప్పుడొస్తాదో? తూర్పే. ఆ సర్టిఫికెట్ తియ్యి.”

మర్నాడు రెండు సర్టిఫికెట్లు రెండు బీరువాల్లోకి వెళ్లాయి. రెండు గొడుగులు వచ్చాయి.

క్లాసులు మొదలైన రోజు ఎండ మండిపోతోంది. రహదారికి అటు లోకనాథ్, ఇటు శరత్ చంద్ర, ఇద్దరూ ఒకే రంగు గొడుగులు పట్టుకుని పిల్లల్ని దించుతూ ఒకరినొకరు చూసుకున్నారు. నేనూ చూడ్డానికే వెళ్లాను, దాచడమెందుకు?

“ఇదేటి, శరత్ బాబూ! మీ పాప పడమరని కదా సెప్పింది!”

“పడమరకే వచ్చాం! మీవాడు తూర్పన్నాడు!”

“తూర్పుకే వచ్చినాం!”

మధ్యలో లారీ ఒకటి స్పీడు బ్రేకరు మీద ఎగిరిపడి వెళ్లింది. అది వెళ్లాక శరత్ చంద్ర మొహం చూడాలి. “అయితే నిజమే చెప్పారన్నమాట! ఇన్నేళ్లు పక్కపక్కన ఉండి, నిజం చెప్పి గొంతు కోస్తారా?”

“ఆ మాట నేననాల!” అని లోకనాథ్ గొడుగు విసిరికొట్టాడు.

వెంటనే ఇద్దరికీ జ్ఞానోదయమైంది. ఎదుటివాడు చేరింది మంచి కాలేజీ, తాను చేరింది చెత్త. ఇద్దరూ ఆఫీసుల్లోకి పరుగెత్తి సర్టిఫికెట్ ఇచ్చెయ్యమన్నారు. రెండు చోట్లా గుమాస్తాలు సంతకం చూపించి, కావాలంటే ఇంకో గొడుగు ఇస్తామన్నారు.

తగువు మా తెలుగు సంఘం అధ్యక్షులు, రిటైర్డు హెడ్మాస్టరు జానకీరామయ్య గారి దగ్గరికి వెళ్లింది. వారు గొంతు సవరించుకున్నారు. “సత్యమే పలకాలని నేను వేలమంది పిల్లల చేత రాయించాను, కాదనను. అయితే దేనికైనా వేళాపాళా ఉంటుంది. అందరూ అబద్ధమే చెబుతారన్న నమ్మకం మీద నడిచే వీధిలో హఠాత్తుగా నిజం చెప్పడం విశ్వాసఘాతుకం! ఇకమీదట కాలేజీల విషయంలో ఎవ్వరూ నిజం చెప్పరాదని తీర్మానిస్తున్నాను!” చప్పట్లు కొట్టాం. తప్పు పెద్దవాళ్లదేనని ఆయన తేల్చారు. పిల్లల్ని ఎవరూ అనుమానించలేదు, ఎందుకంటే వాళ్లకేం కావాలో అప్పటికీ ఎవరూ అడగలేదు.

నీహారిక రోజూ సాయంత్రం వేళ్లకి బొబ్బలతో, మొహం నిండా వెలుగుతో వస్తుంది. ప్రేమ్ కొంచెం లావయ్యాడు. వాళ్ల సంతోషం చూస్తే నాకు కడుపు నిండిపోతుంది. తండ్రులు మాత్రం గోడలు లేపుకుని, ఎదుటి కాలేజీ గొప్పదనాన్ని తలుచుకుని కుళ్లుతున్నారు.

రామాయణమంతా విని రాముడికి సీతేమవుతుందన్నట్టు, ఇంతా చదివి మీరిప్పుడు అడగబోయేది నాకు తెలుసు. ఇంతకీ ఆ రెంటిలో ఏది మంచిదంటారు, అంతే కదా? తీర్మానాన్ని ధిక్కరించి నిజమే చెబుతున్నాను, పడమరదే మంచిది. వచ్చే ఏడు మా మనవరాలు రింకిని అక్కడే వేస్తున్నాం. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ అని నాకేం బెంగ లేదు. ఈ మాట విన్నాక మీరంతా తూర్పు గేటు దగ్గరే వరస కడతారు.